నాగు ఇంకా బాత్‌రూమ్‌లోనే ఉన్నాడు: సగంలో ఆగిన ముంగిస కథ, ఐదున్నరేళ్ల బాబు

కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. చిన్నపిల్లలకు జంతువుల సాహస కథలు చెప్పే తల్లిదండ్రులకు, టీచర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేపథ్యం

బాబుకు ఐదున్నరేళ్లు, యూకేజీ. విశాఖపట్నం ఉత్తరపు వైపు కొండవాలుకు ఆనుకున్న కాలనీలో కింది వాటా ఇల్లు. ఇంట్లో అమ్మ, నాన్న, నాన్నమ్మ. నాన్నది షిఫ్టు డ్యూటీ. వెనక గోడ దాటితే తుప్పలు, రాళ్లు. వానలు పడ్డాయంటే ఆ వరసలో ఎవరో ఒకరి పెరట్లో పాము కనబడటం మామూలే. ముంగిస గోడ మీద పరుగెత్తడం బాబు చాలాసార్లు చూశాడు. అంటే ఈ పిల్లాడికి పాము బొమ్మల పుస్తకంలో జంతువు కాదు, పక్కింటి వార్త. తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయం ఈ సంగతి మీదే ఆధారపడింది.

కథలకు కరువు లేని ఇల్లు కూడా. నాన్నమ్మకు పంచతంత్రం నోటికి వచ్చు. నాన్న ఇంట్లో ఉన్న రాత్రుల్లో పడుకోబెట్టే ముందు పావుగంట చదువుతాడు. ఆ క్రమంలో ఎత్తుకున్నది రిక్కీ-టిక్కీ-టావీ అనే ముంగిస కథ. రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో అచ్చువేసిన 'జంగిల్ బుక్'లోది. మోగ్లీకీ దీనికీ సంబంధం లేదు. బీహార్‌లో సుగౌలి కంటోన్మెంటులోని ఒక బంగళా, అందులో కొత్తగా దిగిన ఇంగ్లీషు కుటుంబం, టెడ్డీ అనే వాళ్ల పిల్లాడు, వరదకు కొట్టుకొచ్చి వాళ్ల పంచన చేరిన ముంగిస, తోటను ఏలుతున్న తాచుల జంట నాగు, నాగైనా. ఇవీ పాత్రలు. కిప్లింగ్ 1936లోనే చనిపోయాడు కాబట్టి కాపీరైటు గొడవ లేదు, ఎవరికి వచ్చిన తెలుగులో వాళ్లు చెప్పుకోవచ్చు. నాన్న చేసింది అదే. ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టుకుని అప్పటికప్పుడు తెలుగులో చెప్పాడు.

సమస్య

ఆ కథ విన్నప్పటి నుంచి బాబు రాత్రిపూట బాత్‌రూమ్‌కు ఒంటరిగా వెళ్లనంటాడు. ఎవరైనా తోడు వెళ్లినా గుమ్మంలో ఆగి ముందు నీళ్ల డ్రమ్ము వెనక చూడమంటాడు. నీళ్లు పోయే తూము మీద చెంబు బోర్లిస్తాడు. స్నానం పెరట్లోనే కావాలంటాడు. ఎప్పుడో ఆగిపోయిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. అమ్మను నా దగ్గరకు కదిలించింది ఈ చివరిదే.

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో తీర్పు. రాత్రిపూట పాము పేరెత్తకూడదు, పురుగు అనాలి అంటే కొడుకు విన్నాడు కాదని నాన్నమ్మ. భయపెట్టే కథలన్నీ కట్టేసి పూలూ పక్షుల కథలు చెబుదామని అమ్మ. మగపిల్లాడు ఈమాత్రానికే భయపడితే ఎలా అని నాన్న. ముగ్గురూ కథలో భయం మోతాదు ఎంత అన్నదాని గురించే మాట్లాడుతున్నారు. కథ ఏ చోట ఆగిందో ఎవరూ అడగలేదు.

మొదట చూసినవి

కథ జోలికి వెళ్లకముందు పిల్లల డాక్టరు దగ్గరకు పంపాను. చాలాకాలం పొడిగా పడుకున్న పిల్లాడు మళ్లీ పక్క తడుపుతుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, షుగరు లేవని తేల్చుకోవాలి. కథ వల్లే అని ముందే నమ్మేస్తే అసలు జబ్బు చాటున ఉండిపోవచ్చు. పరీక్షల్లో ఏమీ తేలలేదు.

తర్వాత బాబుతో కూర్చున్నప్పుడు 'నీకేం భయం?' అని అడగలేదు. ఐదేళ్ల పిల్లలకు ఆ ప్రశ్న పరీక్ష ప్రశ్నే. 'ఏం లేదు' అంటారు, లేదంటే పెద్దవాళ్లు ఎదురుచూసే జవాబు చెబుతారు. దాని బదులు తెల్లకాగితం, నాలుగు క్రేయాన్లు ఇచ్చి ముంగిస కథ నువ్వే చెప్పమంటే చాలు. బాబు బాగానే చెప్పాడు. వరద, తడిసిన ముంగిస, తోట, పిట్ట ఏడుపు, పడగ విప్పిన నాగు. రాత్రయింది, నాగు తూములోంచి బాత్‌రూమ్‌లోకి వచ్చి నీళ్ల డ్రమ్ముకు చుట్టుకున్నాడు. అక్కడ గొంతు ఆగింది.

'తర్వాత?'

'అక్కడే ఉన్నాడు, టీచర్.'

కథ ఇంకా ఉందని బాబుకు తెలియదు. నాన్నను అడిగితే విషయం తేలింది. ఆ రాత్రి పావుగంట అయిపోయింది, మిగతాది రేపు అని లైటు తీసేశాడు. మర్నాటి నుంచి రాత్రి షిఫ్టులు. మళ్లీ ఆయన ఇంట్లో ఉన్న రాత్రి వచ్చేసరికి బాబు ఆ పుస్తకం వద్దన్నాడు.

కథ తెలిసినవాళ్లకు ఆ చోటు ఎలాంటిదో తెలుసు. తెల్లారి ఇంటాయన కర్ర లేకుండా స్నానానికి వస్తాడు, అప్పుడు కాటేద్దాం, మనుషులు పోతే ముంగిసా పోతుంది అని పాములు గోడ అవతల అనుకుంటాయి. కథ మొత్తంలో ఆపకూడని చోటు ఒక్కటి చెప్పమంటే అదే చెబుతాను.

దానికి తోడు ఇంకొకటి జరిగింది. పిల్లాడికి దగ్గరగా ఉంటుందని నాన్న కథను ఇంటికి తెచ్చాడు. బంగళా 'మన ఇల్లు లాంటి ఇల్లు' అయింది. పుస్తకంలోని నీళ్ల కాగు 'మన నీలం డ్రమ్ము లాంటి డ్రమ్ము' అయింది. టెడ్డీకి బాబు ముద్దుపేరే పెట్టాడు. కథను పిల్లల పరిసరాల్లోకి తీసుకురమ్మని అందరం చెబుతాం. కోతి, మొసలి కథకు అది మంచి సలహా. పాములు నిజంగా తిరిగే కొండ కింద, పాము ఇంట్లో దూరే కథకు ఆ సలహా నప్పదు. పుస్తకంలో ప్రమాదానికి వందల మైళ్ల దూరం ఉంది. ఆ దూరాన్ని చెరిపేశాక నాగు ఉన్నది ఈ ఇంటి బాత్‌రూమ్‌లోనే అవుతుంది.

ప్రయత్నించినవి, ఎందుకు పనిచేయలేదు

నాన్న మొదట ఒక్క మాటతో తేల్చేద్దామనుకున్నాడు. 'నాగు చచ్చిపోయాడురా, అయిపోయింది' అన్నాడు. బాబు ఒక్క క్షణం ఆలోచించి, 'మరి నాగైనా?' అన్నాడు. ఇది తెలివైన ప్రశ్న. పాము పగ పడుతుందని, ఒకదాన్ని చంపితే జంట పాము వెతుక్కుంటూ వస్తుందని నాన్నమ్మ చెప్పగా వినే పెరిగాడు. ఆ లెక్కన నాగు చావడం అంటే ప్రమాదం తగ్గడం కాదు, పెరగడం. కథ కూడా అలాగే నడుస్తుంది. నాగు చచ్చాకే నాగైనా పగతో వరండాలోకి వస్తుంది. కాబట్టి ముగింపులో సగం చెప్పడం, అసలు చెప్పకపోవడం కంటే చెడ్డది.

అమ్మ కథను మెత్తబరిచింది. నాగూ ముంగిసా స్నేహితులైపోయారు, నాగు ఇంటికి వెళ్లిపోయాడు. బాబు 'మరి తూములోంచి ఎందుకొచ్చాడు?' అని అడిగాడు. దానికి జవాబు లేదు. చావును తీసేయొచ్చు కాని, చంపాలన్న ఉద్దేశం అప్పటికే వినేశాడు కదా. ప్రమాదాన్ని ఉంచి పరిష్కారాన్ని తీసేసినట్టయింది. మెత్తబరచాలంటే మొదటి వాక్యం నుంచి మెత్తబరచాలి, అప్పుడది వేరే కథ.

నాన్నమ్మ ముంగిస మీద నమ్మకం పుట్టించాలని పంచతంత్రంలోని ముంగిస కథ చెప్పింది. ఉయ్యాల్లో పసిబిడ్డ, కాపలాగా పెంపుడు ముంగిస. పాము వస్తే చంపుతుంది. నీళ్లు తెచ్చిన తల్లి ముంగిస మూతికి నెత్తురు చూసి, బిడ్డనే చంపిందనుకుని కుండ దాని మీద పడేస్తుంది. ఉద్దేశం మంచిదే. కాని అది ఐదో తంత్రం, అపరీక్షితకారకంలోని కథ. ఆలోచించకుండా పని చేసే పెద్దవాళ్లకు చెప్పిన కథ. బాబుకు వినబడింది వేరు: కాపాడినవాణ్ణి అమ్మ చంపింది. మూడు రోజులపాటు అమ్మ చేతిలో బిందె కనబడితే పక్కకు జరిగాడు. పేరులో ముంగిస ఉన్నంత మాత్రాన ఒక కథ ఇంకో కథకు విరుగుడు కాదు.

ఫోన్లో కార్టూను కూడా చూపించారు. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పడగ తెరంతా నిండింది, అది అయిపోగానే నిజం పాముల వీడియో దానంతటదే మొదలైంది.

కథను పూర్తిగా వదిలేసి కాలానికి అప్పజెప్పడం ఇంకో దారి. చాలా కేసుల్లో అది సరిపోతుంది. ఇక్కడ వద్దనుకోవడానికి కారణం, మరిచిపోనివ్వని తూము ఇంట్లోనే ఉంది, రోజుకు నాలుగైదుసార్లు కనబడుతుంది.

పనిచేసింది

ముందు తూము సంగతి చూశాం. నిజంగా కన్నం ఉన్నప్పుడు కథతో దాన్ని పూడ్చలేం. పావు అంగుళం మించని సందులున్న స్టీలు జాలీ కొని, సిమెంటుతో బిగించారు. విడిగా పెట్టే ప్లాస్టిక్ జాలీ పనికిరాదు, కడిగినప్పుడల్లా తీసి పక్కన పడేస్తారు. డ్రమ్మును గోడ నుంచి జానెడు ముందుకు జరిపారు, వెనక ఏముందో గుమ్మంలోంచే కనబడేలా. మంచం పక్కన చిన్న టార్చి పెట్టారు. జాలీ బిగిస్తున్నప్పుడు బాబును పక్కనే కూర్చోబెట్టమన్నాను. తెలియకుండా చేస్తే ఆ పనికి సగం విలువే.

నిజం పాము గురించి బాబుకు మూడే మాటలు: కనబడితే ఆగు, నాలుగడుగులు వెనక్కి వెయ్యి, పెద్దవాళ్లను పిలువు. అంతకు మించి వద్దు. మిగతాది పెద్దవాళ్ల పని. పుస్తకంలో 'కరైత్' అనే చిన్న మట్టిరంగు పాము వస్తుంది. మన తెలుగులో చెప్పేటప్పుడు అది కట్ల పాము అయిపోతుంది. నిజం కట్ల పాము రాత్రిళ్లు ఇళ్లలోకి వచ్చి నేల మీద పడుకున్నవాళ్లను కరిచే రకం. అది పిల్లాడికి వివరించాల్సిన విషయం కాదు. పెద్దలు దోమతెర అంచు పరుపు కిందికి దోపాలి, ఒకవేళ కాటు పడితే కట్లు కట్టకుండా, గాటు పెట్టకుండా, మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేయాలి. ఇదంతా కథలో కలిపి పాఠం చేస్తే కథా పోతుంది, పాఠమూ పోతుంది.

తర్వాత కథను మళ్లీ దూరం పంపాం. చార్టు కాగితం మీద బంగళా పటం గీయించాం. మధ్యలో ఇల్లు, ఓ మూల బాత్‌రూమ్, చుట్టూ వరండా, తోట, గోడ పక్కన ఖర్బూజా పాదు, ఇంకో చివర పాముల కన్నం. కాగితం పైన 'సుగౌలి' అని రాశాం. మన స్టేషన్‌లో రైలెక్కి ఒక రాత్రి పడుకుని, మర్నాడు పగలంతా కూర్చున్నా ఇంకా చేరని ఊరు. నాన్నమ్మ వాళ్ల నాన్నమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పటి సంగతి. పిల్లాడి పేరు మళ్లీ టెడ్డీ అయింది, డ్రమ్ము మళ్లీ కాగు అయింది. మైళ్ల లెక్క ఐదేళ్లవాళ్లకు అందదు, రైల్లో పడుకోవడం అందుతుంది.

ఇక కోత. ఎక్కువ ఆలోచించింది దీని మీదే. గడియారం చూసి ఆపడం మానేసి, మొత్తం కథను ముందే ముక్కలు చేసుకున్నాం. నియమం ఒక్కటే: ముంగిస పిల్ల వెచ్చగా, క్షేమంగా ఉన్న చోటే ఆపాలి. పాము ఇంట్లోకి వచ్చిన వాక్యం నుంచి అది లేకుండా పోయిన వాక్యం దాకా ఆపడానికి వీల్లేదు, ఫోన్ మోగినా సరే.

ఆ లెక్కన మొదటి ముక్క వరదతో మొదలై, ముంగిసను దూదిలో చుట్టి వెచ్చబెట్టి, తిండి పెట్టి, టెడ్డీ పక్కలో పడుకోబెట్టడంతో ఆగుతుంది. పది నిమిషాలు. రెండోది తోట. గూట్లోంచి పడిన పిల్లను నాగు మింగాడని ఏడుస్తున్న దర్జీ పిట్ట, మొదటిసారి పడగ, వెనక నుంచి నాగైనా వేసిన గురి తప్పిన కాటు, తర్వాత కరైత్‌తో పోరు. కరైత్‌ను రెండు వాక్యాల్లో ముగించాం. టెడ్డీ ముంగిసను ఎత్తుకుని పడకగదికి పోయిన చోట ఆపాం. పుస్తకంలో ఆ వెంటనే ముంగిస రాత్రి గస్తీకి లేస్తుంది, చదివేవాళ్లు ఆ ఊపులో ముందుకు పోతారు. అక్కడే పెన్సిలుతో అడ్డగీత గీసుకోవాలి.

మూడో ముక్క, నాలుగో ముక్క ఒకే పూట. ఎందుకంటే నాగు చచ్చి నాగైనా మిగిలిన స్థితిలో బాబును ఒక రాత్రి కూడా ఉంచకూడదు. నాన్నకు వీక్లీ ఆఫ్ ఉన్న ఉదయం, ముందు గదిలో, వాకిలి తలుపు తెరిచి పెట్టి చెప్పాడు. మంచం మీద చెప్పవద్దన్నాను. పడుకునే చోటుకు ఈ ముక్కతో ముడి పడకూడదు. బాత్‌రూమ్‌లో నాగు కాగు చుట్టూ చుట్టుకోవడం నుంచి, ముంగిస నాగు తల పట్టుకుని వదలకపోవడం, ఇంటాయన తుపాకీ పేల్చడం, ముంగిస ఈడ్చుకుంటూ టెడ్డీ గదికి చేరడం దాకా ఏకబిగిన పన్నెండు నిమిషాలు. తుపాకీ మోత నోటితో చేయలేదు, దూరంగా ఒక్క చప్పట్టు. బుస చెవి దగ్గర పెట్టడం, చటుక్కున చేయి పట్టుకోవడం లాంటి కళలు ఈ వయసుకు వద్దు. అప్పుడు టిఫిన్. ఉప్మా తింటున్నంతసేపూ బాబు ముంగిస దెబ్బల గురించే అడిగాడు. నాగు గురించి అడగలేదు. అది మంచి సూచన.

నాలుగో ముక్కకు చింతపిక్కలు వాడాం. పుస్తకంలో నాగైనా ఖర్బూజా పాదులో దాచిన గుడ్లు ఇరవై ఐదు. పటం మీద పాదు దగ్గర 25 పిక్కలు పోశాం. ముంగిస ఒక్కో గుడ్డు కొరుకుతుంటే బాబు ఒక్కో పిక్క తీసి స్టీలు డబ్బాలో వేశాడు, టంగుమని చప్పుడు. మూడు మిగిలేసరికి దర్జీ పిట్ట పెళ్లాం అరుచుకుంటూ వస్తుంది, నాగైనా వరండాలో టెడ్డీ కాలి దగ్గర ఉందని. రెండు వేసేశాడు, మూడోది గుప్పిట్లో పట్టుకున్నాడు. చేతిలో పని ఉన్న పిల్లాడు కథలో తను ఎటువైపో తేల్చుకుంటాడు. అప్పటిదాకా బాబు ఉన్నది బాత్‌రూమ్ వైపు, భయపడే మనిషి వైపు. ఇప్పుడు గుడ్డు ఉన్నది అతని గుప్పిట్లో. ముంగిస అరుపు, 'రిక్-టిక్-టిక్కీ' అన్నది, అతనికే వదిలేశాం.

పగ మాటకు జవాబు కథలోనే దొరికింది. చివరి గుడ్డుతో నాగైనా కన్నంలో దూరితే ముంగిస వెంటపడి లోపలికి పోతుంది. దర్జీ పిట్ట ముంగిస పని అయిపోయిందని ఏడుపు పాట ఎత్తుకుంటుంది. గడ్డి కదులుతుంది, మట్టి కొట్టుకుని ముంగిస బయటికి వస్తుంది. అంతటితో చాలామంది ఆపేస్తారు. పుస్తకంలో దాని తర్వాత ఒక దండోరా ఉంది. కంసాలి పిట్ట, మన చెట్ల మీద ఎండాకాలమంతా టుక్ టుక్ మనేదే, నాగు చచ్చాడు, నాగైనా చచ్చిందని తోటంతటికీ చాటుతుంది. కప్పలు, పిట్టలు అందుకుంటాయి. ఈ దండోరా బాబు చేత కంచం మీద గరిటెతో వేయించాం. ముందు గదిలో ఒకసారి, పెరట్లో ఒకసారి, తనంతట తనే బాత్‌రూమ్ గుమ్మంలో ఒకసారి. గుడ్లు లేవు, జంట లేదు, పగ పట్టేవాళ్లెవరూ మిగల్లేదు అన్నది చెప్పి ఒప్పించడం వేరు, పిల్లాడే చాటింపు వేయడం వేరు.

కథ మధ్యలో 'దీంట్లో నీతి ఏంటి?' అన్న ప్రశ్న నిషేధం. ఒకే ప్రశ్న అనుమతించాం: 'ఇప్పుడు ఎవరు ఎక్కడున్నారు?' పటం మీద వేలు పెట్టి చూపిస్తాడు. నాగు వేలు కింద కాగితం మీద ఉన్నాడా, ఇంట్లో ఎక్కడైనా ఉన్నాడా అన్నది ఆ వేలే చెబుతుంది.

నాన్నమ్మ, నాగుల చవితి

అనుకోని ప్రశ్న ఒకటి వచ్చింది. 'మనం పుట్టలో పాలు పోసే సామిని ముంగిస ఎందుకు చంపింది?' దీపావళి తర్వాత నాలుగో నాడు ఈ ఇల్లంతా పుట్టకు వెళ్తుంది. దీనికి జవాబు నేను చెప్పకూడదు, నాన్న చెప్పకూడదు, నాన్నమ్మే చెప్పాలి. బయటివాళ్లు చెబితే ఆమె నమ్మకానికి ఎదురు చెప్పినట్టుంటుంది, పిల్లాడు ఇద్దరి మధ్య నలుగుతాడు. ఆవిడ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. 'కతలో పాము కతలోదిరా. పుట్టలో సామి మనల్ని సల్లగా సూసీవోడు. ఆయనకీ ఈడికీ ఏటి సమ్మందం?' అంది. ఇంతకన్నా మంచి జవాబు దొరకదు.

పగ విషయంలో మాత్రం బేరం జరిగింది. తాచు తనను కాపాడుకోవడానికి కాటేస్తుంది, మనిషి ముఖం గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ రాదని చెప్పమన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. 'మా కాలంలో సూసినోల్లు ఉన్నారమ్మా' అంది. చివరకు 'మన ఇంటిమీద దేనికీ పగ లేదు' అన్న మాటకు ఒప్పుకుంది. బాబుకు అంతే చాలు. నాన్నమ్మ నమ్మకాన్ని మార్చడం ఈ కేసులో పని కాదు. కాటు పడ్డ ముంగిస ఏదో ఆకు తిని విషం విరిచేసుకుంటుందని కూడా ఆవిడ అంటుంది. కిప్లింగ్ ఆ మాట నిజం కాదని కథలోనే రాశాడు, గెలుపు కంటి చురుకు, కాలి చురుకుదేనని. ముంగిస ఒంట్లోనే తాచు విషాన్ని కొంతవరకు తట్టుకునే గుణం ఉందని తర్వాత శాస్త్రం చెప్పింది. ఆ వాదన పెద్దల దగ్గరే ఆగింది, పిల్లాడి దాకా రానివ్వలేదు.

ఫలితం

స్నానం ముందుగా బాత్‌రూమ్‌కు తిరిగొచ్చింది. పక్క తడపడం నెమ్మదిగా తగ్గి ఆగింది. ఇందులో కథ వాటా ఎంత, జాలీ వాటా ఎంత, రాత్రి లేపి తీసుకెళ్లిన అమ్మ వాటా ఎంత అని విడదీయడం కుదరదు. రాత్రి లైటు వేసే వెళ్తాడు, దాన్ని సమస్యగా చూడొద్దని చెప్పాను. పక్క పెరట్లో జెర్రిపోతు కనబడిన వారంలో మళ్లీ చెంబు తూము మీదికి వచ్చింది. అప్పుడు కథ మళ్లీ చెప్పలేదు. పటం తీసి 'ఎవరు ఎక్కడున్నారు?' అని అడిగితే, సుగౌలి మీద వేలు పెట్టి, 'ఇది వేరే పాము' అన్నాడు. ఇది సరైన జవాబే, ఎందుకంటే ఆ పాము నిజంగానే వేరు. దానికి మూడు మాటలు ఉన్నాయి: ఆగు, వెనక్కి, పిలువు.

ఇతర కథలకు ఈ పద్ధతి

ఏ సాహస కథ ఎత్తుకున్నా ముందు రోజు పెద్దవాళ్లు చివరిదాకా చదివి, జంతువు క్షేమంగా ఉన్న చోట్లకు పెన్సిలు గీత పెట్టుకోవాలి. రెండు గీతల మధ్య గట్టిగా చదివితే పావుగంట దాటుతుంటే ఆ కథ పడుకునే వేళకు పనికిరాదు, సెలవు రోజు ఉదయానికి మార్చాలి. అరగంట దాటుతుంటే ఆరేళ్లలోపు పిల్లలకు ఇంకా వేళ కాలేదు.

ఈ కొలతతో చూస్తే కొన్ని అంచనాలు తలకిందులవుతాయి. అదే 1894 సంపుటిలో తెల్ల సీలు కథ ఉంది. సముద్రం పక్కన పెరిగే పిల్లలు, బీచ్‌లో తాబేలు పిల్లల్ని నీళ్లలోకి వదలడం చూసినవాళ్లు, నచ్చుతుందని దాన్నే ముందు తీస్తారు. కాని అందులో వేటగాళ్లు కుర్ర సీళ్లను తోలుకుపోయి కర్రలతో కొట్టి చంపుతారు. ఆ తర్వాత తెల్ల సీలు మనుషులు రాని తీరం కోసం ఏళ్ల తరబడి వెతుకుతుంది. క్షేమమైన చోటు దాదాపు కథ చివరకు గాని రాదు, మధ్యలో గీత పెట్టడానికి చోటే లేదు. పాములు, తుపాకీ ఉన్న ముంగిస కథలో మూడు మంచి గీతలు పడతాయి.

పంచతంత్రంలో కోతి, మొసలి కథ మొదటి కథగా బాగుంటుంది. నడి ఏట్లో మొసలి అసలు మాట బయటపెట్టిన దగ్గర నుంచి కోతి చెట్టెక్కేదాకా రెండు నిమిషాలు పట్టదు. బాబుకు తర్వాత నాన్నమ్మ చెప్పింది అదే, దాన్ని మన ఊళ్లోకే తెచ్చి, గెడ్డ పక్కన నేరేడు చెట్టు పెట్టి. ఆ ఇంటి చుట్టుపక్కల మొసళ్లు లేవు కాబట్టి అడ్డు చెప్పలేదు. నాన్న ఇప్పుడు ఏ పుస్తకం మొదలుపెట్టినా ముందు ఆ వారం షిఫ్టు చార్టు చూసుకుంటున్నాడు. మర్నాడు రాత్రి డ్యూటీ ఉంటే ఆ రోజు కొత్త ముక్క మొదలుపెట్టడు, పాతదే మళ్లీ చెబుతాడు.